గాటు పొగను దట్టమైన పొగ అని రాసినం

(నాచారంల విద్యార్థులు, ఉద్యోగులు, బస్తీవాసులు కూడిన సభల చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేము పెద్ద పెద్ద సంగతులు మాట్లాడం. ఒక్క మాట గురించి మాట్లాడుతం. ఆ మాట 'గాటు'. పత్రికలల్ల ఒత్తు పెట్టి 'ఘాటు' అని రాస్తరు. మన నోట్ల ఒత్తు ఉండదు. పొగ గాటుగున్నది అంటం. ఒక మాట కోసం సభ ఎందుకని మీలో కొందరికి అనిపించొచ్చు. ఆ ఒక్క మాటను కొట్టేసినందుకు ఇక్కడ ఒక బస్తీ ఫిర్యాదు ఉత్తదైపోయింది. కొట్టేసింది ఇంకెవరో కాదు, మేమే. అందుకే ఈ ముచ్చట మీ ముందర ఒప్పుకోవాలనిపించింది.

ముందుగాల మాట సంగతి చూద్దాం. గాటు అనే మాట మన ఇండ్లల్ల పొద్దుగాల లేచిన కాడికెల్లి ఉంటది. పోపుల ఎండుమిర్చి మాడితే ఇంటిల్లిపాది దగ్గుతరు, ఏం గాటు అంటరు. ఎల్లిగడ్డ కారం నూరితే గాటు. ఆవపిండి గాటు. చుట్ట తాగే ముసలాయన ఈ పొగాకుల గాటు లేదని మూల మీదికి ఇసిరేస్తడు. నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల దిక్కు బీడీలు చేసే ఆడబిడ్డలకు తంబాకు గాటు ఏందో మనం చెప్పేది లేదు, వాళ్లే మనకు చెప్పాలె. వరంగల్ చపాట మిర్చికి రంగు ఎక్కువ, గాటు తక్కువ. తేజ మిర్చికి గాటు ఎక్కువ. ఉప్పల్ నుంచి రామంతపూర్ మీదికెల్లి పోతే అంబర్‌పేట వస్తది. అక్కడ తయారయ్యే జిందా తిలిస్మాత్ మన ఇండ్లల్ల తాతల కాలం నుంచి ఉన్న మందు. జలుబు చేసినప్పుడు రెండు చుక్కలు వేడినీళ్లల్ల వేసి ఆవిరి పడితే బిగుసుకున్న ముక్కు తెరుచుకుంటది. అది మేలు చేసే గాటు.

ఇంకొకటి యాది చేసుకోండ్రి. పిల్లలకు దిష్టి తీసేటప్పుడు మన అవ్వలు ఏం చేస్తరు? ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల మీద వేస్తరు. గాటు వస్తే ఏం లేదంటరు. గాటు రాకపోతే దిష్టి గట్టిగ తగిలిందంటరు. ఆ నమ్మకం నిజమా కాదా అన్న పంచాయితీ ఇప్పుడు మనకొద్దు. ఒక్కటి చూడండ్రి. పొగ ఎంత లేచింది, ఏ రంగుల లేచింది అని మన అవ్వ చూడదు. గొంతుల తగిలిందా లేదా అని చూస్తది. పొగను కండ్లతోటి కాదు, గొంతుతోటి పట్టుకోవడం మన ఇండ్లల్ల ఎప్పటినుంచో ఉన్న విద్య.

శాస్త్రం కూడ అవ్వ దిక్కే ఉన్నది. గాటు రుచి గాదు, వాసన గాదు. అది నొప్పి. నాలుకకు రుచి చెప్పే నరాలు వేరు, ముక్కుకు వాసన చెప్పే నరం వేరు. కన్ను, ముక్కు, నోరు మండుతున్నయని మెదడుకు చెప్పే నరం ఇంకొకటి ఉన్నది. మిరపకాయ మంట ఏ తలుపు తట్టుతదో 1997ల అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆ పనికే ఆయనకు 2021ల నోబెల్ బహుమతిల పాలు దక్కింది. దాని పక్కనే ఇంకొక తలుపు ఉన్నది. ఆవాల గాటు, ఎల్లిగడ్డ గాటు, కట్టెల పొగల ఉండే అక్రోలిన్ అనే రసాయనం, పోలీసులు కొట్టే టియర్ గ్యాస్, ఇవన్నీ తట్టేది ఆ తలుపునే. అంటే ఒక మనిషి పొగ గాటుగున్నది అన్నప్పుడు పొగను వర్ణిస్తలేడు. నా ఒంటికి దెబ్బ తగులుతున్నదని సాక్ష్యం చెప్తున్నడు.

గాటుకు మన నోట్ల ఇంకొక అర్థం కూడ ఉన్నది. కత్తి గాటు, బ్లేడు గాటు. రాతల ఇవి రెండు వేరు మాటలు, ఒకదానికి ఒత్తు ఉంటది, ఒకదానికి ఉండదు. మన నోట్లకు వచ్చేసరికి రెండూ ఒక్కటే అయినయి. ఇంగ్లీషుల ఇసొంటి పొగను ఆక్రిడ్ అంటరు. దాని మూలం లాటిన్ భాషల పదును అనే అర్థమున్న మాట. ఎక్కడి మనిషైనా ఈ పొగను కోసే వస్తువు లెక్కనే చూసిండన్నట్టు.

ఇప్పుడు మా తప్పు చెప్తం. కొన్నేండ్ల కింద, చలికాలం. నాచారం పారిశ్రామికవాడ వెనుక ఒక బస్తీకి పోయినం. రాత్రిపూట ఏదో పొగ వస్తున్నదని, పిల్లలు నిద్రపోతలేరని కబురు వచ్చింది. గడపల కూసున్న ఒక పెద్దమ్మ చెప్పింది: "పొగ అవుపడదు బిడ్డా. పల్సగ, తెల్లగ ఉంటది. గాటు మాత్రం గొంతుల బ్లేడు దింపినట్టుంటది. మా మనుమరాలు రాత్రంత కూసునే ఉన్నది." మేము నోట్‌బుక్కుల రాసుకున్నం. ఆఫీసుకు వచ్చి వార్త రాసినం. ఏమని రాసినం? 'దట్టమైన పొగలు అలుముకోవడంతో స్థానికులు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొన్నారు' అని రాసినం.

ఎవరూ చెప్పలేదు అట్ల రాయమని. డెస్కు మీద నెట్టలేం. పొగ అనంగనే ముందర 'దట్టమైన' అని, వెనుక 'అలుముకోవడం' అని చెయ్యి దానంతట అదే రాసుకుంట పోయింది. మీరు ఏ పత్రికైనా తీసి చూడండ్రి. అగ్నిప్రమాదం వార్తల పొగ దట్టంగనే ఉంటది, నల్లగనే ఉంటది, కమ్ముకుంటనే ఉంటది. ఘాటు అనే మాట పత్రికలల్ల లేదా అంటే మస్తుగ ఉన్నది. ఎక్కడున్నది? 'మంత్రి వ్యాఖ్యలపై ప్రతిపక్ష నేత ఘాటుగా స్పందించారు' అన్న కాడ ఉన్నది. 'ఘాటు విమర్శలు' అన్న కాడ ఉన్నది. నాయకుడి మాటకు ఘాటు ఇచ్చి, బస్తీ పొగకు దట్టం ఇచ్చినం. నాయకుడి మాట ఎవరి గొంతునూ కొయ్యలేదు. పొగ కోసింది.

ఆ వార్త కత్తిరించి బస్తీవాళ్లు ఫిర్యాదు కాగితానికి జోడించిన్రు. కొన్ని రోజులకు విచారణకు వచ్చిన్రు. వచ్చింది పొద్దున పదకొండు గంటలకు. చిమ్నీ దిక్కు చూసిన్రు, ఆకాశం దిక్కు చూసిన్రు. పత్రికల వచ్చినట్టు దట్టమైన పొగ ఆనవాళ్లు లేవని రాసుకొని పోయిన్రు. మిత్రులారా, వాళ్లు అబద్ధం రాయలేదు. మేము రాసిన మాట ప్రకారం చూస్తే అక్కడ నిజంగనే ఏమీ లేదు. మేము మళ్ల పోతే ఆ పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "నేను దట్టమని అన్ననా బిడ్డా? గాటు అన్న." మా దగ్గర జవాబు లేకుండె.

దట్టం, నలుపు అనేవి కంటి మాటలు. దూరం నుంచి చూసేటోని మాటలు. గాటు, మంట, ఊపిరాడకపోవుడు అనేవి పొగల ఉన్నోని మాటలు. లోకమంత పొగను మొదట కంటితోటే కొలిచింది. 1888ల పారిస్‌ల మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అనే ప్రొఫెసర్ ఒక పట్టిక చేసిండు. తెల్ల కాగితం మీద నల్లగీతల గడులు, సున్నా అంటే తెలుపు, అయిదు అంటే పూర్తి నలుపు. దూరంగ నిలబడి చిమ్నీ పొగను ఆ గడులతోటి పోల్చి నంబర్ వెయ్యాలె. బొగ్గు పొగకు అది పనికొచ్చింది. కాని తెల్ల పొగ సంగతేంది? పీవీసీ వైరు తొక్క కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తది. దానికి రంగు లేదు, తేమ గాలిల తెల్లటి ఆవిరి లెక్క అవుపడుతది. గంధకం కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడుకు రంగే లేదు. రెండూ గొంతు కోస్తయి. రింగెల్‌మన్ పట్టిక మీద వీటికి వచ్చే నంబర్ సున్నా పక్కపొంటనే ఉంటది. మేము రాసిన 'దట్టమైన' అనే మాట కూడ అసొంటి పట్టికనే.

కంటికి ఆనని పొగ ఎంత పని చేస్తదో ఈ దేశం ఒక రాత్రి చూసింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటినంక భోపాల్‌ల యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ విడుదలైంది. వేలమంది సచ్చిపోయిన్రు. బతికి బయటపడ్డోళ్లల్ల చానామంది చెప్పిన మాట ఏంది? ఎవరో మిరపకాయలు కాలుస్తున్నరనుకున్నం అని చెప్పిన్రు. వాళ్లకు ఆ రసాయనం పేరు తెల్వదు. వాళ్ల గొంతుకు తెలిసింది. మిరపకాయ పొగ అనుకొని లేచి బయటికి ఉరికినోళ్లు ఉన్నరు. ఆ గాటును సమయానికి పట్టుకొని ఏం చెయ్యాలె, ఎటు పోవాలె అని చెప్పే వ్యవస్థ లేకుండె. మాట ఉన్నది, వినేటోడు లేడు.

మన కథ కూడ ఒకటి ఉన్నది. ఇక్కడ కూసున్నోళ్లల్ల ఉస్మానియాల చదివినోళ్లు శానామంది ఉన్నరు. తార్నాక నుంచి హబ్సిగూడ, హబ్సిగూడ చౌరస్తా నుంచి ఒక తొవ్వ నాచారం, ఒక తొవ్వ ఉప్పల్. 2009 చివరల, 2010 మొదట్ల క్యాంపస్ మీద పడ్డ టియర్ గ్యాస్ మనకు యాదిలున్నది. పత్రికలు 'బాష్పవాయువు' అని రాసినయి. ఎంత సక్కని మాట! బాష్పం అంటే కన్నీరు, వాయువు అంటే గాలి. పద్యంల పెట్టుకోవచ్చు. కాని అది వాయువు కూడ గాదు. దాంట్ల వాడే సీఎస్ అనేది మెత్తటి పొడి, పొగ రూపంల గాలిల తేలుతది. 1928ల కార్సన్, స్టౌటన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని తయారుచేసిన్రు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే సీఎస్. ఆ రోజు తడిబట్ట ముక్కుకు అడ్డం పెట్టుకొని కూసున్న పిలగాడు బాష్పవాయువు అనలేదు. కండ్లల్ల కారం కొట్టిండ్రన్నడు. సంస్కృత మాట దెబ్బను దాచిపెట్టింది. కారం అనే మాట దెబ్బను చూపెట్టింది. మన బాసను ఎక్కిరించిన రోజులల్ల మనం కొట్లాడింది యాస అందం కోసమే గాదు. దెబ్బ తిన్నోడు తన దెబ్బను తన మాటల చెప్పుకునే హక్కు కోసం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ హక్కు కాగితాలల్లకు, వార్తలల్లకు ఇంకా పూర్తిగ రాలేదు. రాకపోవుడుల మా చెయ్యి కూడ ఉన్నదని ఇంతకుముందే ఒప్పుకున్నం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తది. గాటు అనేది ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు, కొలత లేని మాట చట్టం ముందర నిలుస్తదా అని ఒక విద్యార్థి మిత్రుడు మమ్మల్ని అడిగిండు. మంచి ప్రశ్న. 1981 వాయు కాలుష్య చట్టం కాలుష్యకారకం అంటే ఏందో చెప్పేటప్పుడు నలుపు అనలేదు, దట్టం అనలేదు. మనుషులకు, జీవాలకు, చెట్లకు, ఆస్తికి, పరిసరాలకు హాని చేసేంత, చేసే అవకాశమున్నంత మోతాదుల గాలిల ఉన్న పదార్థం అన్నది. చట్టం అడిగేది హాని గురించి. గాటు అనేది హాని మాట. ఇంక కొలత సంగతి. 2009 నవంబరుల కేంద్రం ప్రకటించిన గాలి ప్రమాణాలల్ల 12 పదార్థాల లెక్క ఉన్నది. 24 గంటల సగటు తీసుకుంటే ఘనపు మీటరు గాలిల సన్నధూళి పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములు, పీఎం 10 వంద, సల్ఫర్ డయాక్సైడ్ ఎనభై దాటొద్దు. ఆ 12ల వాసనకు, గాటుకు లెక్క లేదు. ఇంకొకటి, 24 గంటల సగటు అంటే ఏంది? రాత్రి ఒంటిగంటకు అర్ధగంట సేపు గొంతు కోసిన పొగ మిగతా ఇరవై మూడున్నర గంటల గాలిల కలిసిపోయి మాయమైతది. పెద్దమ్మ మనుమరాలు సగటు గాలి పీల్చలేదు. ఆ అర్ధగంట గాలి పీల్చింది.

రాత్రే ఎందుకు వస్తది అంటే, కావాలని రాత్రి వదిలేటోళ్లు ఉంటరని అందరం అంటం. అది రుజువు చెయ్యాల్సిన సంగతి. రుజువు అక్కర్లేని కారణం ఇంకొకటి ఉన్నది. చలికాలం రాత్రి నేల తొందరగ సల్లబడుతది. నేల పక్కన సల్లగాలి, మీద వెచ్చటి గాలి మూతపెట్టినట్టు నిలబడుతది. పొగ మీదికి లేవదు, బస్తీ మీదనే పరుచుకుంటది. పొద్దెక్కి ఎండ పడంగనే మూత లేస్తది. పదకొండు గంటలకు వచ్చినోళ్లకు ఏమీ అవుపడకపోవుడుల వింత లేదు.

ఇంతవరకు గాటు దిక్కు మాట్లాడినం. దాని హద్దు కూడ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినోళ్లమైతం. గాటు ఉంటే దెబ్బ ఉన్నట్టే. గాటు లేకపోతే దెబ్బ లేనట్టు మాత్రం కాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, గాటు లేదు. తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకున్న ఇంట్ల మనుషులు నిద్రలనే పోయేది దానితోటే. ఉప్పల్ రింగురోడ్డు కాడ బస్సుల కోసం నిలబడ్డప్పుడు పీల్చే సన్నధూళికి గాటు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది ఊపిరితిత్తుల లోతుకు పోతనే ఉంటది. మోరీలల్ల, ట్యాంకులల్ల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు కంపు కొడుతది, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తది. కంపు పోయింది అనుకునే లోపల ప్రాణం పోతది. ఫ్యాక్టరీల పని చేసే అన్నలు మాకు అలవాటైపోయింది అంటరు. అలవాటైంది ముక్కు. ఊపిరితిత్తులు గాదు.

ఆ అన్నల గురించి ఒక మాట. ఈ పొగ బస్తీకి వచ్చేముందు షెడ్డుల పనిచేసే మనిషి గొంతుల నుంచే వస్తది. ఇక్కడ నాచారంల ఈఎస్ఐ దవాఖాన ఉన్నది ఆ మనిషి కోసమే. మనల పొమ్మనలేక పొగబెట్టినట్టు అని ఒక సామెత ఉన్నది. ఫ్యాక్టరీలను అవుటర్ రింగురోడ్డు అవతలికి తరలించాలన్న మాట ఏండ్లుగ ఉన్నది. పొగ పోవాలె అన్నప్పుడు పని పోవాలె అని వినిపిస్తే కార్మికుడు నోరు విప్పడు. బస్తీ ఒక దిక్కు, కార్మికుడు ఒక దిక్కు అయితే పొగకే లాభం. ఇద్దరి గొంతుల గాటు ఒక్కటే.

మరి ఏం చెయ్యాలె? మేము చెప్పేది చిన్నపనే. ఫిర్యాదు రాసేటప్పుడు పెద్ద మాటలు పక్కన పెట్టండ్రి. 'తీవ్ర ఇబ్బందులు' అని రాయకండ్రి. పొగ ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపున్నది, గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, రంగు ఉన్నదా లేదా రాయండ్రి. గాటు ఎక్కడ తగిలిందో రాయండ్రి, కండ్లల్లనా, ముక్కులనా, గొంతులనా, ఛాతిలనా. మిరపకాయ గాటు లెక్కనా, కాలిన ప్లాస్టిక్ కమురు లెక్కనా, బ్లీచింగ్ పౌడర్ లెక్కనా రాయండ్రి. ఆ మాటల నుంచే తెలిసినోళ్లు ఏ రసాయనమో వెతకడం మొదలుపెడుతరు. పది ఇండ్లోళ్లు పది రాత్రులు ఒక్క నోట్‌బుక్కుల రాస్తే, రాత్రి రమ్మని అడిగే బలం వస్తది. విద్యార్థులు ఆ నోట్‌బుక్కు పట్టుకోవాలె. ఇదే తొవ్వ మీద ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ అసొంటి పెద్ద పెద్ద పరిశోధన సంస్థలున్నయి. శాస్త్రం ఇంత దగ్గర ఉన్న బస్తీలు దేశంల ఎన్నున్నయి? పోయి అడగడం నేర్చుకుందాం. సర్కారు ఆఫీసులల్ల పనిచేసే మిత్రులకు మా విన్నపం ఒక్కటే. టేబుల్ మీదికి వచ్చిన కాగితంల 'గాటు' అని ఉంటే దాన్ని 'దట్టమైన పొగ' అని దిద్ది పైకి పంపకండ్రి. మా తోటి జర్నలిస్టులకు కూడ అదే మాట.

పోయిన చలికాలం ఆ బస్తీకి మళ్ల పోయినం. పెద్దమ్మ ఉన్నది. మనుమరాలు ఇప్పుడు హైస్కూల్ల చదువుతున్నది. మా నోట్‌బుక్కు చూసి ఆ పిల్ల నవ్వుకుంట అడిగింది: "ఈసారన్న మా అవ్వ చెప్పింది చెప్పినట్టు రాస్తరా?" రాస్తమని చెప్పినం. ఈ సభల మీ అందరి ముందర చెప్పుడు కూడ ఆ మాట తప్పకుండ ఉండాలనే.